పాఠం తెలిసినా ప్రశ్న తెలియనప్పుడు

ప్రతి వృత్తికీ దాని పనిముట్లు, ఆ పనిముట్లకు పేర్లు ఉన్నవి. పడుగు, పేక, కండె, నాడె అనే మాటలు తెలియకుండ సిరిసిల్లలో ఎవ్వరును మగ్గం పని నేర్చుకొనలేరు. పెద్దవాడు "పడుగు తెగింది" అన్నప్పుడు ఏ పోగును చూడవలెనో నేర్చుకొనేవానికి తెలియవలెను గదా! చదువుట కూడ అట్టి పనియే. సారాంశం, తాత్పర్యం, సందర్భం, ఇతివృత్తం, పాత్ర, ప్రక్రియ, ఉపమ, రూపకం, ప్రాస మొదలైనవి ఆ పనిలో వాడే పనిముట్ల పేర్లు. వీటినే సాహిత్య పరిభాష అంటాము.

ఈ పరిభాష మీద మేము ప్రత్యేకంగా వ్యాసం వ్రాయుటకు ఒక కారణం కలదు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి తెలుగు కథను చక్కగా చదువుతాడు. కథ చెప్పమంటే పూసగుచ్చినట్లు చెబుతాడు. కాని పరీక్షలో "ఈ కథలోని ఇతివృత్తాన్ని విశ్లేషించండి" అని అడిగితే కథనే మొదటినుండి చివరివరకు మరల వ్రాసి వస్తాడు. అదే ప్రశ్నలో "మౌజూ" అనే మాట ఉండి, "తజ్జియా" చేయమని ఉంటే అతడు తడుముకొనడు. తెలుగు మాధ్యమంలో చదివి ఉర్దూ నేర్చుకొనే విద్యార్థికి "తష్రీహ్", "ఖులాసా" అనే మాటల దగ్గర ఇదే ఇబ్బంది కలుగుతున్నది. పాఠం తెలిసి కూడ ప్రశ్న తెలియనందువలన మార్కులు పోవుట, ఆపైన "నాకు ఈ భాష రాదు" అని విద్యార్థి తన్ను తాను కించపరచుకొనుట ఎంతో విచారకరమైన విషయం.

ఒక భాషలో మనకు తెలిసిన పారిభాషిక పదాన్ని రెండవ భాషలోని పదం ప్రక్కన నిలిపి, రెండింటినీ ఒకే ఉదాహరణమీద పరీక్షించి నేర్చుకొనవలెనని మా అభిప్రాయం. రెండు పదాలు ఎక్కడ కలుస్తవో, ఎక్కడ విడిపోతవో చూచుకొన్న విద్యార్థికి నిర్వచనాలు కంఠస్థం చేయవలసిన అవసరం చాలవరకు తప్పుతుంది.

మన ప్రాంతపు అనుభవం

రెండు భాషల నడుమ చదువుకొనుట కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనా భాషగా ప్రారంభమైనది. ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించుటకు మాటలు కావలసి వచ్చినందున 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం ఏర్పడినది. అక్కడ పండితులు కూర్చొని ఒక్కొక్క పదాన్ని చర్చించి నిర్ణయించేవారు. ఉస్మానియాలో ఉర్దూ ఆచార్యులైన వహీదుద్దీన్ సలీం పారిభాషిక పదాల నిర్మాణం మీదనే "వజె ఇస్తిలాహాత్" అనే గ్రంథం రచించినారు. అది 1921లో వెలువడినది. తెలుగు విషయంలో ఇటువంటి కృషి 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ ద్వారా సాగినది. పాఠ్యగ్రంథాలతోపాటు పారిభాషిక పదకోశాలను కూడ ఆ సంస్థ ప్రచురించినది.

ఆ ఉర్దూ మాధ్యమపు రోజులలో ఇంట తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో ఉర్దూలో చదివేవారు. వారిలో ఒకరు డాక్టర్ సి. నారాయణరెడ్డిగారు. వారు 1931లో నాటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో జన్మించినారు. సిరిసిల్లలోను, కరీంనగర్‌లోను పాఠశాల చదువు సాగించి, పట్టభద్రులగువరకు ఉర్దూ మాధ్యమంలోనే చదువుకొన్నారు. తరువాత తెలుగులో ఎం.ఏ. చేసి, ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాల మీద, ప్రయోగాల మీద పరిశోధించి డాక్టరేటు పొందినారు. "విశ్వంభర" కావ్యకర్తగా 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారాన్ని అందుకొన్నారు. తెలుగులో గజళ్ళు వ్రాసి, పాడి, ఆ ప్రక్రియను జనానికి పరిచయం చేసినవారు వీరే. మత్లా అంటే ఏమో, రదీఫ్ అంటే ఏమో ఉర్దూలో తెలిసి ఉండుట తెలుగు కవికి ఎంత ఉపకరించినదో చెప్పనక్కరలేదు. గాలిబ్ కవిత్వాన్ని తెలుగు చేసిన దాశరథి కృష్ణమాచార్యులుగారు కూడ ఈ రెండు భాషల వారసులే.

ఆదిలాబాద్ అడవులలో మరియొక ప్రయోగం జరిగినది. మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ కృషి ఫలితంగా 1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం నెలకొన్నది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారైనవి. పిల్లవానికి ముందు తన మాటలోనే చదువుట నేర్పవలెననునది దానిలోని సూత్రం. ఆ సూత్రం మనకు కూడ వర్తిస్తుంది. తెలిసిన మాటనుండి తెలియని మాటకు నడుచుట సులభమైన త్రోవ.

నేటి పరిస్థితి ఒకనాటి పరిస్థితికి తిరుగబడిన రూపం వంటిది. తెలంగాణ రాష్ట్రంలో 2017లో ఉర్దూకు రెండవ అధికార భాషా స్థానం లభించినది. 2018 నాటి చట్టం పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. ఆనాడు తెలుగు పిల్లలు ఉర్దూ పరిభాషను నేర్చుకొన్నట్లే, ఈనాడు ఉర్దూ మాధ్యమపు పిల్లలు తెలుగు పరిభాషను నేర్చుకొనవలసి ఉన్నది.

చదివి గ్రహించుటకు వలసిన మాటలు

తెలుగు వాచకం తెరవగానే పాఠం ఉద్దేశం, పాఠ్యభాగ వివరాలు, కవి పరిచయం, ప్రవేశిక అనే శీర్షికలు కనిపిస్తవి. చాలమంది వీటిని దాటి నేరుగా పాఠానికి పోతారు. అది సరి కాదు. పాఠ్యభాగ వివరాలలో ఆ రచన ఏ ప్రక్రియకు చెందినదో చెప్పబడుతుంది. ప్రక్రియ అనగా రచనారూపం. ఉర్దూలో దీనినే "సిన్ఫ్" అంటారు. కథ, వ్యాసం, లేఖ, శతకం, గజల్ - ఇవన్నీ ప్రక్రియలు. ప్రక్రియ తెలిసినచో రచననుండి ఏమి ఆశించవలెనో ముందే తెలుస్తుంది.

ఇక అపరిచిత గద్యం, అనగా ఉర్దూలో "ఇక్తిబాస్". ఈ క్రింది చిన్న గద్యాన్ని మేమే కూర్చినాము. దీని ఆధారంగా కొన్ని మాటలను పరిశీలింతము.

"నిర్మల్ బొమ్మలను పొణికి కర్రతో చేస్తారు. ఈ కర్ర చాల తేలిక. ఉలికి సులభంగా లొంగుతుంది. కళాకారుడు బొమ్మ భాగాలను వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తాడు. ఆరిన పిదప రంగులు వేస్తాడు. పండు బొమ్మను చూచినవారు తినుటకు చేయి చాచుతారు. పొణికి చెట్లు మాత్రం అడవిలో మునుపటివలె దొరకుట లేదు. చెట్టును నాటే చేయి, బొమ్మను చెక్కే చేయి రెండూ ఉన్నప్పుడే ఈ కళ నిలుస్తుంది."

సారాంశం వ్రాయమన్నారనుకొందము. ఉర్దూలో ఇది "ఖులాసా". మొత్తం గద్యంలోని ముఖ్యమైన అంశాలను మాత్రమే మన మాటలలో, మూలంకంటె చిన్నదిగా చెప్పవలెను: "తేలికైన పొణికి కర్రను చెక్కి, అతికించి, రంగులు వేసి నిర్మల్ బొమ్మలు చేస్తారు. ఆ చెట్లు తగ్గుచున్నందున వాటిని పెంచితేనే కళ నిలుస్తుంది." ఇంతే సారాంశం. చింతగింజల జిగురు, రంపపు పొట్టు వివరాలు. అవి ఇక్కడ రానక్కరలేదు.

కేంద్ర భావం లేక "మర్కజీ ఖయాల్" అడిగితే ఇంకను కుదించవలెను. "కళ యొక్క మనుగడ అడవిమీద ఆధారపడి ఉన్నది" అన్న ఒక్క వాక్యం చాలును. సారాంశంలో గద్యం ఏమి చెప్పినదో ఉంటుంది. కేంద్ర భావంలో అది ఎందుకొరకు చెప్పబడినదో ఉంటుంది. ఈ భేదం తెలియకనే చాలమంది రెండు ప్రశ్నలకు ఒకే సమాధానం వ్రాస్తున్నారు.

శీర్షిక, అనగా "ఉన్వాన్", పెట్టమన్నప్పుడు "నిర్మల్ బొమ్మలు" అని పెడితే తప్పు కాదు. కాని చివరి రెండు వాక్యాలు ఆ శీర్షికలో ఇముడవు. "పొణికి చెట్టు - నిర్మల్ బొమ్మ" అనునది మొత్తం గద్యానికి సరిపోతుంది. మంచి శీర్షిక కేంద్ర భావంనుండి పుడుతుంది.

"పండు బొమ్మను చూచినవారు తినుటకు చేయి చాచుతారు" అన్న వాక్యం చూడుడు. బొమ్మలు సహజంగా ఉంటవని గద్యంలో ఎక్కడను వ్రాసి లేదు. అయినను మనకు తెలిసినది. మాటలు నేరుగా చెప్పే అర్థం వాచ్యార్థం. మాటల వెనుక తోచే అర్థం సూచ్యార్థం. ఉర్దూలో మొదటిదానిని "లఫ్జీ మఆనీ" అని, రెండవదానిని "మురాదీ మఆనీ" అని చెప్పుకొనవచ్చును. "దీనినుండి మీరేమి గ్రహించినారు?" అన్న ప్రశ్న సూచ్యార్థాన్ని కోరుతున్నది. గద్యంలోని వాక్యాన్ని యథాతథంగా దించి వ్రాస్తే ఆ ప్రశ్నకు సమాధానం కానేరదు.

పద్యభాగంలో మూడు మాటలు తికమక పెడతవి. ప్రతిపదార్థం అనగా ఒక్కొక్క పదానికి అర్థం వ్రాయుట. తాత్పర్యం అనగా పద్యం మొత్తం చెప్పే విషయం, ఉర్దూలో "మఫ్హూమ్". వ్యాఖ్య అనగా విప్పి చెప్పుట, ఉర్దూలో "తష్రీహ్". సందర్భసహిత వ్యాఖ్యలో దానికి ముందు "సియాఖ్-ఒ-సబాఖ్", అనగా ఆ మాట ఎక్కడిది, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారు అనునది చేర్చవలెను.

అలంకారాలు

పాఠశాలలో అందరికీ తెలిసిన అలంకారం ఉపమ. "గోదావరి నీరు అద్దంవలె స్వచ్ఛంగా ఉన్నది" అన్న వాక్యంలో నాలుగు భాగాలున్నవి. గోదావరి నీరు ఉపమేయం, అద్దం ఉపమానం, స్వచ్ఛత సమానధర్మం, 'వలె' ఉపమావాచకం. ఇప్పుడు అదే వాక్యాన్ని ఉర్దూలో చెప్పి చూడుడు: "గోదావరీ కా పానీ ఆయీనే కీ తరహ్ సాఫ్ హై." నీరు ముషబ్బహ్, అద్దం ముషబ్బహ్ బిహీ, స్వచ్ఛత వజహ్-ఎ-షబహ్, 'కీ తరహ్' హర్ఫ్-ఎ-తష్బీహ్. సంస్కృతంనుండి తెలుగుకు వచ్చిన అలంకారశాస్త్రం, అరబ్బీ పారసీలనుండి ఉర్దూకు వచ్చిన బలాగత్ శాస్త్రం పోలికను ఈ నాలుగు భాగాలతోనే వివరిస్తున్నవి. ఒక భాషలో ఈ అలంకారం తెలిసినవాడు రెండవ భాషలో నాలుగు పేర్లు మాత్రమే కొత్తగా నేర్చుకొంటే చాలును.

అయితే అన్నీ ఇట్లు సరిసమానంగా కుదరవు. రూపకమే ఇస్తిఆరా అని సాధారణంగా చెబుతుంటారు. కొంచెం నిదానించి చూడవలెను. "ఉపాధ్యాయుడు గ్రామంలో జ్ఞానదీపాన్ని వెలిగించినాడు" అన్నప్పుడు జ్ఞానం, దీపం రెండూ మాటలో ఉన్నవి. రెండింటికి భేదం లేదని చెప్పినాము. ఇది రూపకం. దీనికి ఉర్దూలో సరియైన జోడి "చిరాగ్-ఎ-ఇల్మ్" వంటి సమాసం. పోలిక మాట లేని ఇటువంటి ఉపమను తష్బీహ్-ఎ-బలీగ్ అంటారు. తెలుగు సమాసంలో జ్ఞానం ముందు వచ్చినది, ఉర్దూ సమాసంలో దీపం ముందు వచ్చినది. క్రమం తిరుగబడినది గాని భావం ఒక్కటే.

తల్లి బిడ్డను నిద్రపుచ్చి "నా చందమామ నిద్రపోయినాడు" అన్నదనుకొందము. ఇక్కడ బిడ్డ అనే మాటయే లేదు; చందమామ మాత్రమే ఉన్నాడు. "మేరా చాంద్ సో గయా" అన్నచో ఉర్దూలో ఇది ఇస్తిఆరా. తెలుగు ఆలంకారికులు దీనిని రూపకాతిశయోక్తి అన్నారు. కావున పోలినది, పోల్చబడినది రెండూ వాక్యంలో ఉన్నవా, ఒకటే ఉన్నదా అని ప్రశ్నించుకొనుట మంచి పరీక్ష.

పై గద్యంలో "చెట్టును నాటే చేయి" అన్నాము. చేయి అనగా ఇక్కడ మనిషి. శరీరంలోని ఒక భాగాన్ని చెప్పి మొత్తాన్ని గ్రహింపజేయుట తెలుగులో లక్షణ అనబడుతుంది. ఉర్దూలో ఇది మజాజ్-ఎ-ముర్సల్. ఇక ఉన్నదానిని మించి చెప్పుట అతిశయోక్తి, ఉర్దూలో ముబాలగా.

పద్యమూ షేరూ

గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదవ శతాబ్దినాటి శాసనం ఒకటి కలదు. వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో ఉండి కన్నడ భారతాన్ని రచించిన పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు దానిని వేయించినాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు - మూడు భాషలు ఆ ఒక్క శిలమీద ఉన్నవి. అందులోని తెలుగు పద్యాలు కంద పద్యాలు. బహుభాషా పఠనం మన గడ్డమీద వెయ్యేండ్ల నాటిదని ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

కంద పద్యానికి ప్రాస నియమం ఉన్నది. ఇక్కడనే చాలమంది పొరబడతారు. ప్రాస అనగానే ఉర్దూ విద్యార్థికి ఖాఫియా గుర్తుకు వస్తుంది. ఖాఫియా పాదం చివర వచ్చే ధ్వనిసామ్యం. తెలుగు ప్రాస ప్రతి పాదంలో రెండవ అక్షరానికి సంబంధించినది. ఆ స్థానంలో అన్ని పాదాలలోను ఒకే హల్లు రావలెను. ఖాఫియాకు దగ్గరగా ఉండునది అంత్యప్రాస.

ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యం చివర ధర్మపురి నరసింహస్వామిని సంబోధించే మకుటం మరల మరల వస్తుంది. గజల్‌లో ఖాఫియా తరువాత మారకుండ వచ్చే మాట రదీఫ్. రెండింటిలోను పునరుక్తి ఉన్నది. కాని మకుటం సంబోధన. రదీఫ్ వాక్యంలో కలిసిపోయే మాట, ప్రతి షేర్‌లోను దాని అర్థం కొత్తగా మెరయవలెను. గజల్ చివరి షేర్ అయిన మఖ్తాలో కవి తన తఖల్లుస్‌ను చేర్చుట ఆచారం. మకుటంలో సాధారణంగా సంబోధింపబడినవారి పేరుంటుంది, తఖల్లుస్‌లో చెప్పినవాని పేరుంటుంది.

ద్విపదకు, మస్నవీకి చక్కని జోడి కుదురుతుంది. రెండూ రెండేసి పాదాలుగా నడుస్తవి; రెండూ దీర్ఘమైన కథలు చెప్పుటకు అనువైనవి. ద్విపదలో రెండు పాదాలకు రెండవ అక్షరం కలుస్తుంది. మస్నవీలో రెండు మిస్రాలకు చివర కలుస్తుంది. పద్యాన్ని గణాలుగా విడదీయుట గణవిభజన. షేర్‌ను రుక్న్‌లుగా విడదీయుట తఖ్తీ.

మోసపుచ్చే మాటలు

ఒకే రూపంతో ఉండి వేరు అర్థాలిచ్చే మాటల విషయంలో జాగ్రత్త అవసరం. ఉర్దూలో ఖులాసా అంటే సారాంశం. తెలుగులో "ఖులాసాగా ఉన్నాడు" అంటే నిశ్చింతగా, హాయిగా ఉన్నాడని అర్థం. మూడవ భాషగా హిందీ చదివేవారికి ఈ చిక్కు మరింత ఎక్కువ. హిందీ ఉపన్యాస్ తెలుగులో నవల; తెలుగు ఉపన్యాసం సభలో చేసే ప్రసంగం. హిందీ నిబంధ్ తెలుగులో వ్యాసం, ఉర్దూలో మజ్మూన్. తెలుగు నిబంధన అంటే షరతు. హిందీలో శిక్షా విద్య కాగా, తెలుగులో శిక్ష దండన. ఉర్దూలో కిర్దార్ కథలోని పాత్రకును, మనిషి నడవడికిని చెల్లుతుంది. తెలుగులో పాత్ర అంటే కథలోని వ్యక్తి, వంటింటి గిన్నె కూడ. సందర్భాన్నిబట్టి గ్రహించవలెనని పెద్దలు చెప్పునది ఇందుకే. అయితే తర్జుమా, జవాబు వంటి మాటలు రెండు భాషలలోను ఒకే అర్థంతో వాడుకలో ఉన్నవి. అవి మనకు తోడ్పడతవి.

ఆచరణకు కొన్ని సూచనలు

విద్యార్థి మిత్రులు ఒక నోటు పుస్తకంలో నాలుగు గీతలు గీసి నాలుగు వరుసలు ఏర్పరచుకొనవలెను. మొదటి వరుసలో తెలుగు మాట, రెండవ వరుసలో ఉర్దూ మాట, మూడవ వరుసలో తాము స్వయంగా కల్పించిన ఉదాహరణ, నాలుగవ వరుసలో రెండింటికి గల భేదం వ్రాయవలెను. నాలుగవ వరుస ముఖ్యమైనది. అది ఖాళీగా ఉన్నచో రెండు మాటలు పూర్తిగా సమానమని రుజువైనట్లు కాదు. ఇంకను పరిశీలించవలసి ఉన్నదని గుర్తుంచుకొనవలెను. వారానికి అయిదు మాటలు చొప్పున నేర్చినా, విద్యా సంవత్సరం ముగియునప్పటికి పరీక్షలో ఎదురయ్యే మాటలలో చాలభాగం పరిచితములవుతవి.

ప్రశ్నలోని క్రియాపదాన్ని కూడ గుర్తించుట అలవాటు చేసుకొనవలెను. వివరించుట అనగా విస్తరించి చెప్పుట; విశ్లేషించుట అనగా విడదీసి చూపుట; పోల్చుట అనగా సామ్యభేదాలు రెండూ చెప్పుట, ఉర్దూలో "మువాజనా"; సమర్థించుట అనగా కారణాలతో నిలబెట్టుట. సమాధానం ప్రారంభించుటకు ముందు ఆ క్రియక్రింద ఒక గీత గీసినచో సగం పొరపాట్లు తొలగుతవి.

ఇరు మాధ్యమాల విద్యార్థులు జతలు జతలుగా కూర్చొని చదువుకొనుట మరింత ఫలప్రదం. తెలుగువాడు రూపకాన్ని వివరించగా ఉర్దూవాడు ఇస్తిఆరాను వివరిస్తే, నేర్పేవాడును నేర్చేవాడును ఒక్కడే అవుతాడు. ఇట్టి స్నేహంలో భాషతోపాటు ఒకరి సాహిత్యంపై మరొకరికి గౌరవం కూడ పెరుగుతుంది.

కళాశాల పాలక వర్గంవారికి మేము రెండు మనవులు చేస్తున్నాము. మొదటిది: ఉర్దూ, తెలుగు అధ్యాపకులు కలిసి కూర్చొని పాఠశాల, ఇంటర్మీడియట్ స్థాయిలకు తగిన ఒక చిన్న ద్విభాషా పారిభాషిక పదపట్టికను తయారుచేయుటకు అవకాశం కల్పించవలెను. నూరు మాటలకు మించనక్కరలేదు. ప్రతి మాటకు ఉదాహరణ మాత్రం ఉండవలెను. రెండవది: గ్రంథాలయంలో రెండు భాషల నిఘంటువులు, అలంకార ఛందో గ్రంథాలు ఒకే బల్లమీద అందుబాటులో ఉంచి, నెలకొక సాయంత్రం ఉమ్మడి పఠన గోష్ఠి జరిపించవలెను. వీటికి అయ్యే వ్యయం స్వల్పం. పాఠం తెలిసి కూడ ప్రశ్న దగ్గర ఆగిపోయే విద్యార్థికి వీటివలన కలిగే మేలు ఎంతో గొప్పది.

ఈ సంవత్సరం పరీక్షలు వ్రాయనున్న విద్యార్థులందరు ప్రశ్నను నిదానంగా చదివి, అది కోరినదానిని గుర్తించి, ధైర్యంతో సమాధానాలు వ్రాసి విజయం పొందవలెనని మనసార కోరుచున్నాము.